నిన్నటి రుచి నేడు కూడా: నిలకడగల కాఫీ తయారీపై ఒక పాఠం

సండూరు తాలూకాలోని తారానగర్‌లో, ఇనుప ఖనిజపు ఎర్రధూళి చెట్ల ఆకులపై సైతం పేరుకొనే రహదారి పక్కన, ఒక చిన్న కాఫీ బంకు ఉన్నది. దానిని నడిపేది పాతికేళ్ల క్రితం అనంతపురం జిల్లా నుంచి భర్తతో కలిసి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దావిడ. అనువాదపు పనిమీద ఆ వైపు వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగడం నాకు అలవాటు. గత ఏడాది ఒక ఉదయం గ్లాసు నా చేతికిస్తూ ఆమె అడిగిన ప్రశ్నే ఈ పాఠానికి మూలం.

“పొడి అదే, పాలు అవే, చెయ్యీ నాదే. నిన్న తాగినోళ్లు బాగుందన్నారు. ఈ పొద్దు సగం గ్లాసు వదిలేసి పోతాండారు. యాడ తేడా వచ్చింది నాయనా?”

ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక ఒక కుటుంబపు జీవనాధారం ఉన్నది. 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం బళ్లారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసినప్పుడు ఈ రహదారిపై లారీల వరుస ఒక్కసారిగా పలచబడింది. అంతకుముందు బంకు ముందు నిలిచిన డ్రైవరు ఏది ఇస్తే అది తాగి వెళ్లేవాడు. నిద్ర ఆపుకోవడమే అతనికి కావలసినది. లారీలు తగ్గిన తరువాత మిగిలిన కొద్దిమంది గిరాకీలకు ఎంచుకొనే వీలు చిక్కింది. కాఫీ బాగుంటేనే ఆగారు, బాగలేకుంటే తరువాతి బంకు దాకా వెళ్లారు. గనులు మళ్లీ తెరుచుకున్నా ఆ అలవాటు పోలేదని పెద్దావిడ చెబుతారు. ఆ మాటకొస్తే బళ్లారి, తోరణగల్లు, హొసపేటలలో తోపుడుబండి మీదనో చిన్న క్యాంటీనులోనో కాఫీ అమ్ముకొని బతికే మన తెలుగువారందరి పరిస్థితీ ఇదే. ఒక రోజు అద్భుతంగా కాచడం కష్టం కాదు. ఏడాదిలో మూడు వందల రోజులు ఒకే విధంగా కాచడమే కష్టం.

ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మాకు దాదాపు నెల పట్టింది. ఆ నెలలో తెలిసివచ్చిన సంగతులను, వాటి వెనుక ఉన్న కారణాలతో సహా, ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను.

“దిగడం” అంటే ఏమిటి

ఆంగ్ల గ్రంథాలలో కాఫీ తయారీకి కీలకమైన పదం ఒకటి ఉన్నది. పొడిలోని సారాన్ని నీరు బయటకు లాగడం అని దాని భావం. “సార నిష్కర్షణ” అని అనువదించి, రాసిన కాగితాన్ని నేనే చింపివేశాను. మన ఇళ్లలో అంతకన్నా మంచి మాట ఎప్పటినుంచో ఉన్నది: “డికాషన్ దిగింది.” పై గిన్నెలో పోసిన వేడినీరు పొడిగుండా కిందికి దిగుతూ తనతోపాటు ఏమేమి దింపుకొని వస్తుందన్నదే కాఫీ శాస్త్రమంతా.

వేయించిన కాఫీ గింజ బరువులో సుమారు మూడో వంతు మాత్రమే నీటిలో కరుగుతుంది. తక్కినది పీచు, కట్టె వంటి పదార్థం. కరిగే ఆ మూడో వంతంతా కూడా మనకు అక్కరలేదు. మొత్తం పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు కరిగితే రుచి సమంగా ఉంటుందని గత శతాబ్దపు మధ్యభాగంలో అమెరికాలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. నేటికీ కాఫీ నిపుణులకు అదే ప్రమాణం. అంతకన్నా తక్కువ దిగితే కాఫీ పుల్లగా, పలచగా, ఒకింత ఉప్పగా తోస్తుంది. ఎక్కువ దిగితే చేదు, వగరు నాలుక మీద నిలిచిపోతాయి.

ఇందుకు కారణం ఏమంటే, పొడిలోని పదార్థాలన్నీ ఒకే వేగంతో కరగవు. ముందుగా పులుపునిచ్చే ఆమ్లాలు, సువాసన ద్రవ్యాలు దిగుతాయి. వాటి వెంట తీపిని, చిక్కదనాన్ని ఇచ్చేవి వస్తాయి. చేదు, వగరు నింపేవి చివరివరకూ దిగుతూనే ఉంటాయి. మంచి కాఫీ కాచేవారు చేసే పని ఈ వరుసను సరైన చోట ఆపడమే. ఈ ఒక్క సంగతి బోధపడితే తరువాత చెప్పబోయే కొలతలన్నీ గుర్తుపెట్టుకోకపోయినా పరవాలేదు. నాలుకే దారి చూపుతుంది. పుల్లగా ఉన్నదా, తక్కువ దిగింది. చేదుగా ఉన్నదా, ఎక్కువ దిగింది.

ఎంత దిగాలన్నది ప్రధానంగా పొడి సన్నదనం, నీటి వేడి, పొడితో నీరు గడిపే సమయం, పొడికీ నీటికీ ఉన్న నిష్పత్తి నిర్ణయిస్తాయి. పొడి ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా, అంత ఎక్కువగా దిగుతుంది. ఎండుమిరపకాయను ముక్కలుగా వేయడానికీ కారంగా కొట్టి వేయడానికీ ఉన్న తేడాయే ఇది.

నేను చేసిన పొరపాటు

పెద్దావిడ ప్రశ్న విన్నప్పుడు నాకు మొదట నీటిమీదనే అనుమానం కలిగింది. అదే ఉత్సాహంతో మరునాడు బళ్లారి నుంచి ఒక డబ్బా శుద్ధినీరు, ఒక పొట్లం కొత్త కాఫీపొడి రెండూ పట్టుకొని వెళ్లాను. ఆనాటి కాఫీ బ్రహ్మాండంగా కుదిరింది. గిరాకీలు రెండో గ్లాసు అడిగారు. అయితే బాగుపడింది నీటివల్లనా, పొడివల్లనా? చెప్పలేకపోయాము. రెండింటినీ ఒకేసారి మార్చినందువల్ల ఆ రోజు గిరాకీ అయితే పెరిగింది గాని, మేము నేర్చుకున్నది శూన్యం. పెద్దావిడే నవ్వి, “కూరలో ఉప్పు తక్కువైందో పులుపు తక్కువైందో తెల్లా అంటే రెండూ ఒక్కసారే వేస్తారా ఎవరన్నా?” అన్నారు. చదువుకున్నవాడినని చెప్పుకొనే నాకు ఆ మాట కొంచెం తగిలింది.

అప్పటినుంచి ఒక రోజుకు ఒక్క మార్పు మాత్రమే చేయాలన్న నియమం పెట్టుకున్నాము. ఆమె మనుమడు కన్నడ మాధ్యమంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పాత నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీ, నీరు, పొడి తూకం, డికాషన్ దిగిన నిమిషాలు, రుచి అని రాసే పని వాడు తీసుకున్నాడు. రాత కన్నడంలో ఉన్నా ఆమెకు ఇబ్బంది కలుగలేదు. ఆ లిపీ మన లిపీ అక్కచెల్లెళ్లు; తెలుగు వచ్చినవారు రెండు రోజులు తేరిపార చూస్తే సగం అక్షరాలు వాటంతటవే పలుకుతాయి.

నీరు

గ్లాసులోని కాఫీలో అత్యధిక భాగం నీరే. అయినా దానిని గురించి ఆలోచించేవారు తక్కువ. బంకుకు మూడు విధాల నీరు వచ్చేది: కొళాయి నీరు, అది రానినాడు ట్యాంకరు తెచ్చే బోరునీరు, ఎప్పుడైనా కొనే డబ్బా నీరు. ఏ రోజు ఏది వాడారో ఎవరికీ గుర్తుండేది కాదు. పుస్తకం రాయడం మొదలుపెట్టిన పది రోజులలోనే సంగతి బయటపడింది. చప్పగా, జీవం లేకుండా ఉన్న రోజులలో ఎక్కువ భాగం ట్యాంకరు రోజులే.

బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు, వాటితోపాటు బైకార్బొనేట్లు అధికంగా ఉంటాయి. నీరు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే గార వాటి ఆనవాలే. కాఫీకి చురుకుదనాన్ని ఇచ్చేవి దానిలోని సున్నితమైన ఆమ్లాలు. బైకార్బొనేట్లు ఆ ఆమ్లాలను విరిచివేస్తాయి. ఫలితంగా రంగు బాగానే ఉన్నా రుచి మొద్దుబారుతుంది. ఇక దీనికి పూర్తిగా వ్యతిరేకం డబ్బా నీరు. ఆర్‌ఓ యంత్రం లవణాలను దాదాపు అన్నింటినీ తీసివేస్తే ఆ నీటితో దిగిన డికాషన్ పదునుగా, ఖాళీగా ఉంటుంది. కాఫీ నిపుణుల సంస్థలు లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు ఉన్న నీటిని ఆదర్శంగా చెబుతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అంటే తాగడానికి పనికివచ్చే నీరంతా కాఫీకి శ్రేష్ఠం కాదు. కరిగిన లవణాలను చూపే కలం వంటి మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నలుగురు బంకువారు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

ఇక్కడ రుచికి మించిన విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. బళ్లారి జిల్లాలో పలుచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు పరిమితికి మించి ఉన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలు, మరో ఆధారం లేనిచోట 1.5 వరకు మాత్రమే అనుమతి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కూడా. పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి మీద మరుగుతూ, నీరు తగ్గినప్పుడల్లా మరికొంత పోస్తూ ఉండే పెద్ద గిన్నె ఈ దృష్టితో చూస్తే మంచిది కాదు. బోరునీటిని తప్పక వాడవలసినవారు ముందు పరీక్ష చేయించండి. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ కింద నీటి పరీక్షా కేంద్రాలను సాధారణ ప్రజలకు కూడా స్వల్ప రుసుముతో తెరిచారు. గ్రామ పంచాయతీలో అడిగితే దారి చెబుతారు.

మా పెద్దావిడ చివరకు కొళాయి నీటికే కట్టుబడి, అది రాని రోజుకోసం మూత ఉన్న రెండు బిందెలు పక్కన పెట్టుకున్నారు. ఖర్చు లేని పరిష్కారం.

పొడి, అందులోని చికోరీ

నీటి తగవు తీరిన తరువాత కూడా నాలుగైదు రోజులకొకసారి రుచి తప్పుతూనే వచ్చింది. పుస్తకం తిరగేస్తే ఆ తేదీలు కొత్త పొడి తెచ్చిన తేదీలతో సరిపోయాయి. “పొడి అదే” అన్న మాట నిజం కాదన్నమాట. కొట్టు అదే, ధర అదే, పొట్లం కట్టిన కాగితం కూడా అదే. లోపలిది మాత్రం మారుతూ వచ్చింది.

2024, 2025 సంవత్సరాలలో కాఫీగింజల ధరలు ప్రపంచవ్యాప్తంగా మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. బ్రెజిల్‌లో, వియత్నాంలో అనావృష్టి అందుకు ముఖ్య కారణం. గింజ ధర పెరిగినప్పుడు పొడి ధర పెంచకుండా నెట్టుకురావడానికి అమ్మకందారులకు ఉన్న సులువైన మార్గం చికోరీ పాలు పెంచడం. చికోరీ ఒక మొక్క వేరు; మన దేశంలో గుజరాత్‌లోని జామ్‌నగర్ ప్రాంతం దాని సాగుకు పేరుపడింది. వేయించి పొడిచేస్తే కాఫీని పోలిన రంగు, తీపి కలిసిన చేదు ఇస్తుంది. దానిని తిట్టే ఉద్దేశం నాకు లేదు. పాలు ఎక్కువగా పోసే మన కాఫీకి అది చిక్కదనం, రంగు ఇస్తుంది. దక్షిణాది నాలుక ఆ రుచికి అలవాటుపడి తరాలు గడిచాయి. నూటికి ఇరవై పాళ్లు చికోరీ ఉన్న కాఫీ నాకూ ఇష్టమే. చిక్కల్లా చెప్పకుండా కలపడంలోనే. చికోరీలో నీటికి కరిగే పదార్థం కాఫీకన్నా చాలా ఎక్కువ. కాబట్టి దాని పాలు మారితే దిగే వేగం, చిక్కదనం, చేదు అన్నీ మారిపోతాయి. నిన్నటి కొలత నేటికి పనిచేయదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. రెండింటి శాతాలూ పొట్లం మీద ముద్రించి తీరాలి. ముద్ర లేని విడి పొడి కొనేవారు గింజలను తమ కళ్లముందే మరపట్టించి, చికోరీని తామే తూచి కలుపుకోవడం మేలు.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ సూచించినదే. గాజు గ్లాసులో చల్లని నీరు నింపి, పైన చిటికెడు పొడి మెల్లగా చల్లండి. కాఫీ కొంతసేపు తేలుతుంది. చికోరీ త్వరగా మునుగుతూ, వెనుక గోధుమరంగు చారను విడుస్తుంది. పాలెంతో ఇది చెప్పదు, ఉన్నదో లేదో మాత్రమే చెబుతుంది. అయినా కిందటి వారపు పొడిని ఒక గ్లాసులో, కొత్త పొడిని ఇంకొక గ్లాసులో పక్కపక్కన వేసి చూస్తే మార్పు కంటికి కనిపిస్తుంది. మాకు కనిపించింది. పెద్దావిడ ఆ రెండు గ్లాసులనూ అలాగే పట్టుకెళ్లి కొట్టు బల్లమీద పెట్టారట. వారేమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు గాని, ఆ తరువాతి పొట్లాల మీద శాతాలు చేతిరాతతో వస్తున్నాయి.

గింజల విషయంలో మనది అదృష్టమే. యెమెన్ నుంచి బాబా బుడన్ తెచ్చిన ఏడు గింజలు పదిహేడో శతాబ్దంలో చిక్కమగళూరు కొండలలో మొలిచాయన్నది పరంపరగా వస్తున్న కథ. నేడు దేశపు కాఫీలో సుమారు డెబ్బై శాతం కర్ణాటకలోనే పండుతున్నది. తారానగర్ నుంచి ఆ తోటలు ఒక పగటి ప్రయాణం. మన తూర్పు కనుమలలో గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికాకు కూడా, చిక్కమగళూరు అరబికాతో పాటు, 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పొట్లం మీద “ప్లాంటేషన్” అని ఉంటే అది కడిగి శుద్ధిచేసిన అరబికా. “చెర్రీ” అంటే పండుతోనే ఎండబెట్టినది. “పీబెర్రీ” అంటే కాయలో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగినది. అరబికా సువాసనకు, రోబస్టా చిక్కదనానికి. బంకు కాఫీకి రెండూ కలిపిన పొడి తీసుకొని, ఒకసారి నచ్చిన పాళ్లను మార్చకుండా ఉండటం ఉత్తమం.

మరపట్టిన పొడి రోజురోజుకూ వాసన కోల్పోతుంది. నెలకు సరిపడా ఒకేసారి కొని నిల్వచేయడం పొదుపు అనిపించినా, మూడో వారంలో అమ్మేది రంగునీళ్లే. వారానికి సరిపడా కొని, గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, మసాలాలకు ఇంకా దూరంగా ఉంచాలి.

తూకం

పెద్దావిడ చెంచా గొప్ప చెంచా. పాతికేళ్లుగా ఆమె చేతిలో ఉన్నది. ఆ చెంచాతో తలకొట్టి ఐదుసార్లు తీయించి, చిన్న కాటా మీద తూచాము. ఐదు తూకాలూ ఐదు విధాలుగా వచ్చాయి. అన్నింటికన్నా ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా దాదాపు నాలుగో వంతు. ఆమె చేయి తప్పు కాదు. సన్నని పొడి చెంచాలో ఒత్తుకొని కూర్చుంటుంది, ముతకది గుల్లగా నిలుస్తుంది. గాలిలో తేమ ఉన్న రోజు ఒకలా, ఎండ రోజు ఇంకొకలా. కొలిచేది పరిమాణం కాగా కావలసినది బరువు.

ఇప్పుడు ఆమె పాటించే లెక్క ఇది. 200 గ్రాముల పొడికి ఒక లీటరు నీరు. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి 600 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల డికాషన్, 90 మిల్లీలీటర్ల పాలు. ఇరవై గ్లాసులకు సరిగ్గా సరిపోతుంది. గ్లాసుకు పది గ్రాముల పొడి పడుతుంది. ఇంటి ఫిల్టరుకైతే 40 గ్రాములు, 200 మిల్లీలీటర్లు, నాలుగు గ్లాసులు. పలచగా ఇష్టపడేవారు డికాషన్ తగ్గించి పాలు పెంచుకోవచ్చు గాని, దించేటప్పటి నిష్పత్తిని కదిలించవద్దు.

పొడి వేసిన తరువాత గొడుగుబిళ్లతో సమంగా, తేలికగా అదమాలి. బలంగా అదిమితే నీరు నిలిచిపోతుంది. ఒక పక్కకే అదిమితే వదులుగా ఉన్న వైపునుంచి నీరంతా జారిపోయి, ఆ వైపు పొడి చేదెక్కేదాకా, ఈ వైపు పొడి తడిసీ తడవనట్లుగా ఉండిపోతుంది. నీరు తెర్లగానే దించి, ముందు పొడి తడిసేటంత మాత్రమే పోసి అర నిమిషం ఆగండి. తాజా పొడి అయితే ఉబ్బి బుడగలు తేలుతాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న వాయువు వెళ్లిపోవడమే అది. తరువాత తక్కిన నీరు వలయంగా పోసి మూత పెట్టాలి. సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైన ఉన్న ఈ ప్రాంతంలో నీరు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. కాబట్టి నీరు చల్లారేదాకా ఆగమని కొన్ని విదేశీ పుస్తకాలు ఇచ్చే సలహా మనకు అంతగా వర్తించదు.

ఇంటి ఫిల్టరులో డికాషన్ పదిహేను నుంచి ఇరవై ఐదు నిమిషాలలో దిగాలి. ఐదు నిమిషాలలో దిగిపోతే పొడి ముతక, లేదా అదమడం చాలలేదు. గంట గడిచినా చుక్కలుగానే పడుతుంటే పొడి మరీ సన్నం, లేదా చికోరీ ఎక్కువ, లేదా రంధ్రాలు పూడాయి. రంధ్రాలు పూడిన ఫిల్టరును పొయ్యి మంట మీద కాసేపు కాల్చి, చల్లారాక రుద్ది కడగడం మన అమ్మమ్మల పద్ధతి. రంధ్రాల బిళ్ల ఉక్కుదైతే దానికన్నా మంచి ఉపాయం నాకు ఇంకా దొరకలేదు.

ఇక రెండో డికాషన్ సంగతి. ఒకసారి దింపిన పొడి మీదనే మళ్లీ వేడినీరు పోసి, వచ్చినదానిని మొదటిదానిలో కలపడం చాలా బంకులలో ఉన్నది. “అంత పొడి పారేస్తే కడుపు మండదా?” అని పెద్దావిడ నాతో గట్టిగానే వాదించారు. నేను వాదించలేదు. మొదటిదీ రెండోదీ వేర్వేరు గ్లాసులలో, పాలు కలపకుండా, రుచి చూడమన్నాను. తీపి, వాసన దిగిపోయిన తరువాత మిగిలేది కట్టె చేదు మాత్రమే. దానిని ఒక రోజు అర గ్లాసు, ఒక రోజు రెండు గ్లాసులు కలుపుతుంటే రుచికి నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? ఆమె మానలేకపోయారు, ఒక వారం. ఆ తరువాత మానారు. పుస్తకంలో ఆ వారం తేదీల ఎదుట మనుమడు “చేదు” అని కన్నడంలో వరుసగా ఆరుసార్లు రాశాడు.

పాలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొవ్వు 3 శాతం ఉన్న టోన్డ్ పాలు తీసుకుంటే ఎప్పుడూ వాటినే తీసుకోండి. గేదెపాలు కలిపిన రోజు చిక్కదనం పెరిగి డికాషన్ మరుగునపడుతుంది. పాలను ఒక పొంగు రానిచ్చి మంట తగ్గించాలి. గంటలకొద్దీ మరిగితే ఉడుకు వాసన పడుతుంది. డికాషన్‌ను మాత్రం ఎన్నడూ మరిగించరాదు. పొద్దున దింపినది సాయంత్రానికి పులిసిన రుచికి వస్తుంది కాబట్టి, ఒకేసారి రెండు లీటర్లు కాకుండా, మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా దింపుకోవడం మేలు.

యంత్రంతో కాచేవారికి

మన పెళ్లిళ్లలో “ఎస్ప్రెస్సో” అంటే బుస్సున ఆవిరి వదిలే పెద్ద ఇత్తడి యంత్రం, నురుగు, పైన చాక్లెట్ పొడి. అందులో పాలు ఆవిరితో కాగుతాయి. కాఫీ మాత్రం సాధారణంగా ఇన్‌స్టంట్ పొడే. అసలు ఎస్ప్రెస్సో వేరు. ఇటలీలోని టూరిన్ నగరంలో ఆంజెలో మొరియోందో 1884లో ఆవిరి యంత్రానికి పేటెంటు పొందగా, 1901లో లూయీజీ బెజ్జెరా దానిని గ్లాసుకు గ్లాసు వెంటనే కాచే రూపానికి తెచ్చారు. నేడు మనం చూసే చిక్కని బంగారు మీగడతో కూడిన కాఫీ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరువాత, అకీలె గాజ్జా తెచ్చిన మీట యంత్రంతో సాధ్యమైంది. ఆవిరి ఒత్తిడికి బదులు చేతిమీట బలంతో నీటిని నెట్టడం అందులోని కొత్తదనం.

తోరణగల్లు వంటి చోట్ల ఉక్కు కర్మాగారపు కాలనీల దగ్గర చిన్న ఎస్ప్రెస్సో యంత్రాలతో దుకాణాలు పెడుతున్న మనవారు కొందరు ఉన్నారు. వారికి చెప్పదగినది ఏమంటే, సూత్రం ఫిల్టరుదే. అక్కడ ఇరవై నిమిషాలలో భూమ్యాకర్షణ చేసే పనిని ఇక్కడ సుమారు తొమ్మిది వాతావరణాల ఒత్తిడి అర నిమిషంలో చేస్తుంది. అందువల్ల ఫిల్టరులో కప్పిపుచ్చుకోగల చిన్న తప్పు ఇక్కడ పెద్దదై కూర్చుంటుంది. 18 గ్రాముల పొడి వేసి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ గ్లాసులో పడేలా మర సన్నదనాన్ని సరిచేసుకోవాలి. పదిహేను సెకన్లకే పడిపోతే పుల్లగా ఉంటుంది, పొడిని ఇంకొంచెం సన్నం చేయండి. నలభై సెకన్లు దాటితే చేదు, కొంచెం ముతక చేయండి. తూకం, నీరు కదలనీయవద్దు. మర ఒక్కటే తిప్పండి. పొద్దున సరిపెట్టిన మరను మధ్యాహ్నం మళ్లీ చూడక తప్పదు, ఎందుకంటే యంత్రం వేడెక్కుతుంది, గింజ పాతబడుతుంది, గాలి మారుతుంది.

సున్నపు నీరు ఈ యంత్రాలకు నేరుగా ఆయుష్షు తీస్తుంది. గిన్నె అడుగున గార కనిపిస్తుంది, గోకి పారేస్తాము. బాయిలరు లోపలి గార కనిపించదు. అప్పుచేసి పాత యంత్రం కొన్న ఒక కుర్రవాడు ఆరు నెలలలోనే బాయిలరు మూసుకుపోయి, కొన్న ధరలో మూడో వంతు మరమ్మతుకు పోసిన వైనం నాకు తెలుసు. యంత్రం ధర అడిగే ముందు మీ నీటి లెక్క తెలుసుకోండి. పాలు కాచే ఆవిరి గొట్టాన్ని ప్రతి గ్లాసు తరువాత తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలాలి. లేకుంటే పాలు లోపలికి పీల్చుకొని కుళ్లుతాయి.

కాచిన తరువాత మిగిలిన పిప్పిని కాలువలో వేయకండి. అది నూనెతో కలిసి గట్టిపడి మురుగును ఆపుతుంది. తడిచెత్త డబ్బాలో వేయండి, లేదా మొక్కల ఎరువులో కలపండి. బండి చిన్నదైనా సరే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేయించుకోవడం, పట్టణ పరిధిలోనైతే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద అమ్మకపు ధ్రువపత్రం కోరడం మీ హక్కును కాపాడుతాయి.

అభ్యాసం

ఈ వారం మీ ఇంట్లోనో బంకులోనో ఒక నోటుపుస్తకంలో ఐదు గీతల పట్టిక గీసి, ఏమీ మార్చకుండా ఏడు రోజులు రాయండి. రుచికి “బాగుంది”, “బాగలేదు” అని రాయవద్దు. పులుపు, చేదు, చప్పదనం, పలచదనం అన్న నాలుగు మాటలలో ఏదో ఒకటి రాయండి. ఏ తేడా లేని రోజు గడి ఖాళీగా వదలండి. ఎనిమిదో రోజున ఏ ఒక్కదానిని మార్చాలో ఆ పట్టికే చెబుతుంది.

రెండవది, మీకు దొరికే మూడు నీళ్లతో, ఒకే పొడి, ఒకే తూకం, ఒకే నిమిషాలతో మూడు చిన్న ఫిల్టర్లు దింపండి. ఫిల్టరు ఒకటే ఉంటే మధ్యమధ్య కడిగి, ఒకదాని తరువాత ఒకటి దింపి, మూడూ చల్లారాక పక్కపక్కన పెట్టండి. పాలు, చక్కెర వేయవద్దు. గ్లాసుల పక్కన పేర్లు రాయకుండా అడుగున మాత్రం గుర్తు పెట్టి, ఏది ఏ నీరో తెలియని ఇద్దరిచేత రుచి చూపించండి.